పది గోల్స్ తిన్న టీమ్‌నే మళ్ళీ పంపారు

10-1. ఈ స్కోరు గురించి రాయాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నా. 1952 జూలై 15, హెల్సింకి ఒలింపిక్స్, ఎదురుగా యుగోస్లావియా. మన టీమ్‌లో కొందరు బూట్లు లేకుండా ఉత్త కాళ్ళతోనే దిగారు, ఎండకి గట్టిపడ్డ నేల మీద అలా ఆడటం వాళ్ళకి చిన్నప్పటి నుంచి అలవాటు, అక్కడేమో చలి, పచ్చిక మీద కాలు నిలబడదు. ఒకటి తర్వాత ఒకటి పది గోల్స్ పడ్డాయి. 89వ నిమిషంలో అహ్మద్ ఖాన్ ఒక్కటి కొట్టాడు, మనకి మిగిలింది అదే. ఇంకో సంగతి ఏంటంటే ఇలాంటి పెద్ద క్రీడల్లో ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ప్రారంభోత్సవం కంటే ముందే మొదలైపోతాయి, ఆ ఏడాది ప్రారంభోత్సవం జూలై 19న, అంటే అక్కడ స్టేడియంలో జ్యోతి వెలిగించే టైముకి మనవాళ్ళ ఒలింపిక్స్ అయిపోయి నాలుగు రోజులైంది.

ఆ టీమ్ కోచ్ మన హైదరాబాద్ మనిషి, సయ్యద్ అబ్దుల్ రహీం. ఇక్కడ పాత తరం వాళ్ళు ఎవరూ ఉత్తగా పేరు పెట్టి అనరు, రహీం సాబ్ అంటారు. బడిపంతులు ఆయన. కాచిగూడ, చాదర్‌ఘాట్ వైపు స్కూళ్ళలో చదువు చెప్పుకుంటూనే ఒక పక్క హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌ని తయారుచేశాడు, ఆ టీమ్ బొంబాయి వెళ్ళి 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ని 1-0తో కొట్టి ఇండియాకి గోల్డ్ తెచ్చింది కూడా ఆయనే. అంత మనిషి మరుసటి ఏడాదే పది గోల్స్ తిని ఇంటికొచ్చాడు.

ఇప్పుడు నేను అడగాలనుకున్నది ఇది. ఆ రోజు మన దగ్గర ఇవాళ్టి రూల్ ఉండి ఉంటే ఏమయ్యేది?

ఇవాళ్టి రూల్ తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. ఆసియా క్రీడలకి టీమ్ గేమ్స్‌లో ఎవర్ని పంపాలి అన్నదానికి ఒక కొలత పెట్టారు, ఆసియాలో మొదటి ఎనిమిది ర్యాంకుల్లో ఉంటేనే పంపుతాం అని. 2018లో జకార్తా క్రీడలకి మన ఫుట్‌బాల్ టీమ్‌ని ఈ లెక్క చూపించే ఆపేశారు, వెళ్ళలేదు. 2023లో హాంగ్‌జౌకి కూడా మొదట కుదరదన్నారు, కోచ్ ఇగోర్ స్టిమాచ్ ఏకంగా ప్రధానికి లెటర్ రాశాడు, చివరికి జూలై ఆఖర్లో క్రీడా శాఖ సడలింపు ఇచ్చి మగవాళ్ళ టీమ్‌ని, ఆడవాళ్ళ టీమ్‌ని రెండింటినీ పంపింది. పంపిన తీరు గురించి తర్వాత చెప్తా, అది ఇంకో బాధ.

హెల్సింకి నుంచి వచ్చిన టీమ్‌ని ఎవరైనా ఇలా కొలిచి ఉంటే వీళ్ళని ఇంకెప్పుడూ ఓడ ఎక్కించొద్దు అనే అనేవాళ్ళు. అప్పుడు జరిగింది వేరు. బూట్లు లేకుండా ఆడకూడదని ఫెడరేషన్ రూల్ పెట్టింది, రహీం సాబ్‌ని తీసెయ్యలేదు, నాలుగేళ్ళు ఆయన తన పని తాను చేసుకుపోయాడు. ఆయన పని గురించి చదివితే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. డ్రిబ్లింగ్, అంటే బంతిని తనే కాళ్ళతో ఆడిస్తూ పోవడం, చెయ్యకూడదు అని షరతు పెట్టి టోర్నమెంట్లు పెట్టేవాడట, బంతి దొరకగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి, దాంతో పాస్ చెయ్యడం వేళ్ళలోకి, సారీ, పాదాల్లోకి దిగుతుంది. కుడికాలి ఆటగాడు ఎడమకాలితోనే కొట్టాలి అని ఇంకో టోర్నమెంట్. ఇవన్నీ ఫతే మైదాన్ చుట్టుపక్కల, అంటే ఇప్పటి ఎల్బీ స్టేడియం, ఆ మట్టిలో జరిగిన పనులు. డబ్బు లేదు, విదేశీ కోచింగ్ లేదు, ఒక టీచర్ బుర్ర ఉంది.

1956 మెల్‌బోర్న్. మొదటి రౌండ్‌లో హంగరీ రాకపోవడంతో వాకోవర్ వచ్చింది. తర్వాత ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాని వాళ్ళ జనం ముందే 4-2తో కొట్టారు, నెవిల్ డిసౌజా మూడు గోల్స్, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు ఆయనే. సెమీఫైనల్లో ఎదురుపడింది ఎవరు? మళ్ళీ యుగోస్లావియానే. హాఫ్‌టైమ్ తర్వాత ముందు గోల్ కొట్టింది మనం, డిసౌజానే కొట్టాడు, కాసేపైనా సరే నాలుగేళ్ళ కింద పది గోల్స్ వేసిన టీమ్ మీద మనం 1-0 ముందున్నాం. ఆఖరికి 4-1తో ఓడిపోయాం, కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో కొట్టింది, నాలుగో స్థానం. ఇప్పటిదాకా ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఇండియాకి అంతకు మించింది లేదు. ఆ టీమ్‌లో మన ఊరివాళ్ళ పేర్లు చూడండి, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లాడు తులసీదాస్ బలరాం. వీళ్ళలో నూర్, అజీజుద్దీన్ హెల్సింకిలో పది గోల్స్ తిన్న టీమ్‌లో కూడా ఉన్నవాళ్ళే. నా వాదన మొత్తం ఈ ఇద్దరి పేర్ల మీదే నిలబెట్టినా సరిపోతుంది, ఓడిపోయిన వాళ్ళనే మళ్ళీ పంపారు, అదీ నేను చెప్పేది.

మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు, ఆటలు బాగా ఫాలో అవుతాడు, రెజ్లింగ్, షూటింగ్ అన్నీ. లంచ్‌లో ఈ మాట వచ్చినప్పుడల్లా ఆయన ఒకటే అంటాడు. "ఒక్క మెడల్ కోసం ఇరవై మందిని పంపాలె, మళ్ల వచ్చేది లేదు పోయేది లేదు. అదే పైసల్తోని పది మంది బాక్సర్లను పంపితే రెండన్న వస్తయ్ గద అన్నా." కొట్టిపారేసే మాట కాదిది. ఆయన లెక్క ఆయనకుంది, పల్లెల నుంచి వచ్చిన బాక్సర్ అమ్మాయికి దక్కాల్సిన డబ్బు గెలవని టీమ్ మీద పోతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. నేను చాలాసార్లు ఆలోచించా దీని గురించి.

కానీ ఆ ర్యాంకు ఎవరిది అన్నది చూడాలి కదా. ఫిఫా ర్యాంకులు పెద్దవాళ్ళ టీమ్‌వి. ఆసియా క్రీడల్లో మగవాళ్ళ ఫుట్‌బాల్ 2002 బుసాన్ నుంచి అండర్-23, దానికి పైన ముగ్గురు పెద్దవాళ్ళని తీసుకోవచ్చు అంతే. హాంగ్‌జౌ క్రీడలు ఏడాది వాయిదా పడ్డాయి కాబట్టి ఆ ఒక్కసారికి వయసు 24 చేశారు. అండర్-23 టీమ్‌లకి ఫిఫా ర్యాంకులే లేవు. అంటే మనం చేస్తున్నది ఏంటంటే అన్న పదో తరగతి మార్కులు చూసి తమ్ముణ్ణి ఇంటర్‌లో చేర్చుకోం అనడం. ముప్పై ఏళ్ళవాళ్ళు దోహాలోనో తాష్కెంట్‌లోనో ఓడిన మ్యాచ్‌లకి, వాటిలో కాలు కూడా పెట్టని ఇరవై ఏళ్ళ పిల్లలు శిక్ష అనుభవించాలి. ఇందులో న్యాయం ఎక్కడుందో నాకు ఎవరైనా చెప్తే వింటా.

ఇక రెండో వాదన, ఇది ఫుట్‌బాల్ బాగా తెలిసినవాళ్ళు చేసేది. ఒలింపిక్స్‌లో, ఏషియన్ గేమ్స్‌లో ఫుట్‌బాల్ అసలు ఫుట్‌బాలే కాదు, వరల్డ్ కప్ ఉండగా దీన్ని ఎవడు చూస్తాడు, తీసేస్తే పోలా అంటారు. చరిత్ర చూస్తే వాళ్ళ మాటలో కొంత నిజం ఉంది. 1924, 1928ల్లో ఒలింపిక్సే ప్రపంచానికి పెద్ద టోర్నీ, ఉరుగ్వే ఆ రెండూ గెలిచింది, అందుకే వాళ్ళ జెర్సీ మీద ఇప్పటికీ నాలుగు చుక్కలుంటాయి, వరల్డ్ కప్పులు రెండైనా. 1930లో వరల్డ్ కప్ వచ్చింది, 1932 లాస్ ఏంజెలెస్‌లో ఫుట్‌బాలే లేదు. తర్వాత డబ్బు తీసుకునే ఆటగాళ్ళు ఆడకూడదు అనే నిబంధన వల్ల, పేరుకి ఉద్యోగం చేస్తూ రోజంతా ఆటే ఆడే తూర్పు యూరప్ దేశాల వాళ్ళు 1952 నుంచి 1980 దాకా దాదాపు ఒంటిచేత్తో గోల్డ్ మెడల్స్ పంచుకున్నారు. 1992 బార్సిలోనాలో అండర్-23 చేశారు, 1996లో ముగ్గురు పెద్దవాళ్ళ వెసులుబాటు వచ్చింది. క్లబ్బులు మగ ఆటగాళ్ళని ఒలింపిక్స్‌కి వదలాలని బలవంతం కూడా లేదు, 2008లో మెస్సీ విషయం కోర్టు దాకా పోయింది, తీర్పు ఆయన క్లబ్ బార్సిలోనాకే అనుకూలంగా వచ్చింది, అయినా వాళ్ళు వదిలారు, ఆయన బీజింగ్‌లో గోల్డ్ మెడల్ వేసుకున్నాడు. 2024 పారిస్‌కి ఎంబాపేని రియల్ మాడ్రిడ్ వదల్లేదు, సొంత ఊళ్ళో ఒలింపిక్స్ జరుగుతుంటే ఆయన ఆడలేకపోయాడు.

ఇదంతా ఒప్పుకుంటా. పెద్ద దేశాలకి అది రెండో తరగతి టోర్నీ. అందుకే చిన్న దేశాలకి అక్కడ తలుపు తెరుచుకుని ఉంటుంది. 1996లో నైజీరియా, 2000లో కామెరూన్ గోల్డ్ గెలిచాయి, వరల్డ్ కప్‌లో ఆఫ్రికా దేశం ఏదీ ఇంకా ఆ గుమ్మం తొక్కలేదు. 2004లో ఇరాక్, దేశంలో యుద్ధం, సొంత గడ్డ మీద మ్యాచ్ ఆడే పరిస్థితి లేదు, ఏథెన్స్‌కి పోయి పోర్చుగల్‌ని 4-2తో కొట్టి నాలుగో స్థానం తెచ్చుకుంది. అప్పుడు మా ఇంట్లో నైట్ కూర్చుని చూశా ఆ టోర్నీ, అచ్చం మెల్‌బోర్న్‌లో మనవాళ్ళ లాగే నాలుగో స్థానం, అందుకే అంత గుర్తుంది. మరి కొరియా ఆటగాడు సన్ హ్యూంగ్-మిన్, అంత పెద్ద ఆటగాడు, 2018లో తన ఇంగ్లండ్ క్లబ్ టాటెన్‌హామ్‌కి సెలవు పెట్టి జకార్తా ఎందుకొచ్చాడు? ఏషియన్ గేమ్స్ గోల్డ్ వస్తే కొరియాలో మిలటరీ సర్వీసు తప్పుతుంది, ఎక్స్‌ట్రా టైమ్‌లో జపాన్‌ని 2-1తో కొట్టి తెచ్చుకున్నాడు. వాళ్ళకి ఆ టోర్నీ మీద బతుకే ఆధారపడి ఉంది. అమ్మాయిల సంగతైతే అసలు ఈ మాటే రాదు, 1996 అట్లాంటాలో మొదలైనప్పటి నుంచి ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌కి వయసు పరిమితే లేదు, ప్రపంచంలో బెస్ట్ ఎవరో వాళ్ళే వస్తారు.

సరే, హాంగ్‌జౌ. 2023 సెప్టెంబర్ 19, మంగళవారం. ఆఫీసు నుంచి కొంచెం ముందే బయల్దేరి తార్నాకలో ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నా, మ్యాచ్ అయిదింటికి. ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి పెట్టా. ఎదురుగా చైనా, వాళ్ళ ఊరు, వాళ్ళ జనం. మనవాళ్ళు ముందు రోజు సాయంత్రం దిగారు, సరిగ్గా ఒక రాత్రి నిద్ర, అంతే, మరుసటి రోజు మ్యాచ్. ఎందుకలా అంటే సెప్టెంబర్ 21న ఐఎస్ఎల్, మన దేశంలో క్లబ్బులాడే పెద్ద లీగ్, మొదలు, క్లబ్బులు ఆటగాళ్ళని వదలడానికి ఇష్టపడలేదు, ప్రకటించిన లిస్టు మారి మారి ఆఖరికి దొరికినవాళ్ళతో టీమ్ అయింది, కలిసి ప్రాక్టీసు చేసింది లేదు. 39 ఏళ్ళ సునీల్ ఛెత్రి కెప్టెన్.

చైనా ముందు గోల్ కొట్టింది. కాసేపటికి వాళ్ళకి పెనాల్టీ కూడా వచ్చింది, మన గోల్‌కీపర్ గుర్మీత్ దూకి ఆపేశాడు, అప్పుడు హోటల్లో టీ పోసే పిల్లవాడు కూడా వచ్చి నా భుజం మీంచి చూడ్డం మొదలుపెట్టాడు. హాఫ్‌టైమ్‌కి ముందు రాహుల్ కె.పి. కుడివైపు నుంచి పరుగెత్తాడు, గోల్‌లైన్ దాకా పోయాడు, దారి మూసుకుపోయింది అనుకున్నా, ఆ ఇరుకులోంచే కొట్టాడు, బంతి లోపల. 1-1. నేను లేచి నిలబడ్డా, పక్క టేబుల్ మీద ఉస్మానియా బిస్కెట్లు తింటున్న ఇద్దరు పెద్దాయనలు ఏమైందని అడిగితే ఫోన్ వాళ్ళవైపు తిప్పా. ఇండియానా, ఫుట్‌బాలా, అని ఒకాయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

సెకండ్ హాఫ్‌లో ఆ కాళ్ళు చూస్తే తెలిసిపోతోంది. మన డిఫెండర్ బంతి కోసం తిరగాలి, బుర్ర తిరిగింది కానీ ఒళ్ళు తిరగట్లేదు. 51వ నిమిషంలో ఒకటి, 72లో ఒకటి, 75లో ఒకటి, ఆఖర్లో ఇంకొకటి. 5-1. పెద్దాయనలు అప్పటికే లేచి వెళ్ళిపోయారు. మరుసటి రోజు పేపర్లో 5-1 అని చూసి ఆఫీసాయన "చెప్పిన గద" అన్నట్టు చూశాడు. అదే టీమ్ రెండు రోజుల తర్వాత బంగ్లాదేశ్‌ని 1-0తో కొట్టింది, మయన్మార్‌తో 1-1 డ్రా చేసుకుని నాకౌట్‌కి వెళ్ళింది, అక్కడ సౌదీ మీద 2-0తో ఓడింది. పదమూడేళ్ళ తర్వాత నాకౌట్. ఇది ఎవరూ మాట్లాడలేదు. ప్రయాణం బడలిక తీరకముందే ఆడించి, ఓడితే చూశారా వీళ్ళింతే అనడం నాకు కోపం తెప్పించే విషయం. పంపడం అంటే ఫ్లైట్ ఎక్కించడం కాదు, పదిహేను రోజుల క్యాంపు పెట్టి, లీగ్‌ని ఒక వారం జరిపి, అలవాటు పడే టైము ఇచ్చి పంపాలి. వాయిదా పడ్డాక కొత్త తేదీలు కూడా ఏడాది ముందే తెలుసు అందరికీ.

ఇక్కడ 1962 జకార్తా గుర్తుచేసుకోవాలి, ఎందుకంటే ఆ టోర్నీలో కూడా మొదటి మ్యాచ్ ఓడిపోయాం, కొరియా మీద 2-0. అప్పట్లో కూడా ఈ మాటలు అనేవాళ్ళు ఉండే ఉంటారు. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0, సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి, బంతిని తలతో కొట్టే పని డిఫెన్స్‌లోనే ఎక్కువని రహీం సాబ్ అతన్ని కూర్చోబెట్టకుండా తీసుకెళ్ళి ఫార్వర్డ్‌లో ఆడించాడు, అతనేమో సెమీస్‌లో కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. ఫైనల్ సెప్టెంబర్ 4న, మళ్ళీ అదే కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లకి ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదని మన దేశపు అధికారి సోంధీ గట్టిగా మాట్లాడినందుకు అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు, సెనయాన్ స్టేడియంలో దాదాపు లక్ష మంది మనకి వ్యతిరేకంగా అరుస్తున్నారు. తంగరాజ్ ఫ్లూతో పడిలేచి గోల్‌లో నిలబడ్డాడు, బలరాం, యూసుఫ్ ఖాన్ ముందున్నారు, ఈ ముగ్గురూ హైదరాబాదీలు, కోచ్ హైదరాబాదీ. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, 2-1. రహీం సాబ్‌కి అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న పోయారు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు ఆయన చూడనేలేదు, అది మొదలైందే 1985లో.

మొదటి మ్యాచ్‌లో 2-0తో కొట్టినవాణ్ణి ఫైనల్లో కొట్టాలంటే మధ్యలో మూడు మ్యాచ్‌లు కావాలి. టోర్నమెంట్‌కి పోతేనే దొరుకుతాయవి. ఇంట్లో కూర్చుని ర్యాంకు పెంచుకో, అప్పుడు పంపుతా అంటే ఎలా పెరుగుతుంది?

నేను కళ్ళారా చూసింది ఒకటుంది, 2003 ఆఫ్రో-ఏషియన్ గేమ్స్. అక్టోబర్ 24 నుంచి నవంబర్ 1 దాకా మన ఊళ్ళోనే, సింహం పిల్ల షేరూ బొమ్మలు బస్సుల మీద, గోడల మీద ఎక్కడ చూసినా. ఆ క్రీడలు జరిగింది అదొక్కసారే, మళ్ళీ జరగలేదు. డిగ్రీ చదువుతున్నా అప్పుడు. గచ్చిబౌలి అంటే అప్పట్లో మాకు ఊరి బయట, మెహదీపట్నంలో బస్సు మారి, బండరాళ్ళ మధ్య నుంచి కొత్త రోడ్డు మీద పోవాలి. ఫుట్‌బాల్లో మనవాళ్ళు జింబాబ్వేని 5-3తో కొట్టారని తెలిసి ఫైనల్‌కి ఎట్లాగైనా పోవాలనుకుని ముగ్గురం పోయాం. ఐ.ఎం. విజయన్‌కి ఇండియా జెర్సీలో ఆఖరి టోర్నీ అది, నాలుగు గోల్స్ కొట్టాడు అందులో.

రంజాన్ నెల. నా పక్కన బార్కస్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నాడు, తెల్ల కుర్తా, జేబులో పేపర్ పొట్లం, ఇఫ్తార్‌కి దాచుకున్న ఖర్జూరాలు. బార్కస్‌లో ఫుట్‌బాల్ ఎంత పిచ్చో ఈ ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆయన మ్యాచ్ అంతా మాట్లాడుతూనే ఉన్నాడు, సగం ఉర్దూ సగం తెలుగు, చిన్నప్పుడు పోలీస్ టీమ్ ఆట చూడ్డానికి నడిచి పోయేవాళ్ళమని, అప్పట్లో బంతి తోలు తడిసిందంటే రాయిలా ఉండేదని, దాన్ని తలతో కొట్టినోళ్ళ నుదురు మీద కుట్ల గుర్తు పడేదని తన నుదురు చూపించాడు, కనుబొమ్మ పైన చిన్న గీత ఉంది. ఎదురుగా ఉజ్బెకిస్తాన్. వాళ్ళు పంపింది అండర్-21 పిల్లల్ని. మన సీనియర్లు వాళ్ళ పిల్లల చేతిలో 1-0తో ఓడిపోయారు, సిల్వర్ వచ్చింది. మా ముగ్గురికీ ఏడుపొచ్చినంత పనైంది. చాచా మాత్రం ఆ ఉజ్బెక్ పిల్లల్ని వేలితో చూపిస్తూ "ఇన్ బచ్చోఁ కో దేఖో బేటా, వాళ్ళ పెద్దోళ్ళు వీళ్ళని ఇంత దూరం పంపిన్రు" అన్నాడు. వెళ్ళేటప్పుడు పొట్లం విప్పి నా చేతిలో రెండు ఖర్జూరాలు పెట్టాడు.

ఆ మాట అర్థం కావడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఉజ్బెకిస్తాన్ 2018లో అండర్-23 ఆసియా కప్ గెలిచింది. 2023 హాంగ్‌జౌలో కంచు పతకం. 2024 పారిస్‌లో మొదటిసారి ఒలింపిక్ ఫుట్‌బాల్ ఆడింది. 2025 జూన్‌లో 2026 వరల్డ్ కప్‌కి క్వాలిఫై అయింది, అదీ మొదటిసారే. వాళ్ళు ఏ క్రీడలు దొరికినా, పిల్లల్ని ఎక్కించి పంపుతూనే వచ్చారు. మనం అదే గచ్చిబౌలి స్టేడియంలో 2024 సెప్టెంబర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్ పెట్టుకుని మారిషస్‌తో 0-0, సిరియా మీద 3-0 ఓటమి. అదీ వెళ్ళి చూశా. 2021-22లో ఐఎస్ఎల్ ఛాంపియన్ అయిన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా 2025లో ఊరొదిలి ఢిల్లీకి పోయింది. సంతోషపడే సంగతులు తక్కువే, దాచడం ఎందుకు.

అమ్మాయిల టీమ్ సంగతి ఒక్కటి నాకు ధైర్యం ఇస్తుంది. హాంగ్‌జౌలో వాళ్ళు రెండు మ్యాచ్‌లూ ఓడిపోయారు, చైనీస్ తైపీ మీద ముందు గోల్ కొట్టి కూడా 2-1తో, థాయ్‌లాండ్ మీద 1-0తో. ఎనిమిదో ర్యాంకు లెక్కలో చూస్తే వీళ్ళని పంపడం దండగ. రెండేళ్ళు తిరక్కుండా 2025 జూలైలో ఇదే థాయ్‌లాండ్‌ని వాళ్ళ గడ్డ మీదే, చియాంగ్ మాయ్‌లో, 2-1తో కొట్టి ఆసియా కప్‌కి క్వాలిఫై అయ్యారు, సంగీతా బాస్‌ఫోర్ రెండు గోల్స్. ఆ క్వాలిఫయర్స్ టీమ్‌లో మన నిజామాబాద్ పిల్ల గుగులోత్ సౌమ్య ఉంది. ఆ రాత్రి మా మేనకోడలు ఫోన్ చేసి "మామా సూసినవా, మామా సూసినవా" అని అదే మాట నాలుగుసార్లు అంది.

మేనకోడలికి పద్నాలుగేళ్ళు, బొల్లారంలో ఆడుతుంది, రైట్ బ్యాక్, అంటే కుడివైపు డిఫెండర్. పోయిన నెల ఒక టోర్నమెంట్‌కి తీసుకెళ్ళా, పెద్ద అకాడమీ టీమ్‌తో పడింది, వాళ్ళకి ఫిజియో కూడా ఉన్నాడు, వీళ్ళకి ఒక ఐస్ డబ్బా ఉంది. ఎదుటి టీమ్ లెఫ్ట్ వింగర్ పొట్టి పిల్ల, ప్రతిసారీ లోపలికి వస్తున్నట్టు భుజం వంచి బయటికి పోయేది, మాది ప్రతిసారీ లోపలికే అడుగేసేది. అలాగే నాలుగు గోల్స్ పడ్డాయి, మొత్తం 7-0. తిరిగొచ్చేటప్పుడు స్కూటీ మీద వెనక కూర్చుని అల్వాల్ దాకా ఒక్క మాట లేదు. సిగ్నల్ దగ్గర ఆగితే అప్పుడంది, "ఆ పిల్ల భుజం సూడొద్దు మామా, నడుము సూడాలె. నడుము అబద్ధం ఆడదు." ఏ కోచ్ చెప్పాడో అని అడిగా. ఎవరూ చెప్పలేదట, అయిదో గోల్ తర్వాత తనకే తెలిసిందట, ఆఖరి పది నిమిషాల్లో రెండుసార్లు బంతి లాగేసుకుందట కూడా, నేనే గమనించలేదు.

ఈ ఆదివారం మళ్ళీ అదే అకాడమీతో మ్యాచ్ పెట్టించుకున్నారు, ఎనిమిదింటికి. దాని ఎడమ బూటు అడుగు ఊడితే నిన్న మోండా మార్కెట్ దగ్గర కుట్టించుకొచ్చా, జిగురు ఆరాలని బాల్కనీలో బోర్లా పెట్టి ఉంది.